మారు గరిటె

నాకు సంతకం చెయ్యడం వచ్చు, బస్సు బోర్డు చదవడం వచ్చు. అంతకు మించి చదువు లేదు. నేను చెబుతుంటే కుమారి రాస్తోంది. కుమారి రోలుగుంట నుంచి మా వీధికి కోడలిగా వచ్చిన పిల్ల. ఇన్నేళ్ళూ నేను నడిపిన వంటపని ఇప్పుడు తన చేతికి వెళ్ళింది.

"నువ్వు సెప్పింది సెప్పినట్టు రాస్తే సదివీవోళ్ళకి ఇబ్బంది పెద్దమ్మా. నాను కొంత సాపు సేస్తాను" అంది.

చేసుకోమన్నాను. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరు, బియ్యం మాత్రం పారబొయ్యకు అన్నాను.

నా పేరు వరహాలమ్మ. నర్సీపట్నంలో ఒళ్ళు తగ్గాలనుకునేవాళ్ళకి మధ్యాహ్నం క్యారేజీ కట్టడం నా పని. కడుపు నిండాలి, ఒళ్ళు పెరగకూడదు. వినడానికి రెండు ముక్కలే. ఈ పనిలోకి వచ్చే ఆడపిల్లలు ఇప్పుడు ఊరికొకరు కనబడుతున్నారు. సెల్‌ఫోనులో చూసి నేర్చుకుంటున్నారు. మంచిదే. ఫోను చెప్పనిది ఒకటి నాకు తెలిసింది. అది ఎస్తేరు టీచరు గారి మోకాళ్ళ దగ్గర తెలిసింది. ఆవిడ సంగతికి వచ్చేముందు పని ఎలాంటిదో చెప్పాలి.

గిన్నెలో ఏముండాలి

మా ఆయన పెళ్ళిళ్ళకి వంట మేస్త్రీ. ఆయన గరిటె పట్టుకుంటే నేను కూరలు తరిగేదాన్ని. ఆయన పోయాక పెళ్ళివంట నా ఒక్కదాని వల్ల కాలేదు. బస్టాండు వెనక చిన్న మెస్సు పెట్టాను. ఆ మెస్సుకి వచ్చేవాళ్ళలో కొందరు "అన్నం తక్కువెయ్యి, కూర ఎక్కువెయ్యి" అనడం మొదలుపెట్టారు. ఒకరికి షుగరు, ఒకరికి ఆయాసం, ఒకరికి మోకాళ్ళు. అలా మెస్సు పోయి క్యారేజీలు మిగిలాయి.

కడుపు నింపేది నీళ్ళూ పీచూ. ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, బూడిద గుమ్మడి, వీటిలో నీళ్ళుంటాయి. అరటి దూట, తోటకూర కాడలు, గోరుచిక్కుడు, వీటిలో పీచుంటుంది. కంచం నిండా కనబడతాయి. పళ్ళకి పని చెబుతాయి. కానీ ఉత్త కూరలే పెడితే మూడింటికల్లా మనిషి ఆకలని గోడలు పట్టుకుంటాడు. పక్కన పప్పో, గుడ్డో, చేపముక్కో ఉండాలి. ఉలవచారు గానీ మజ్జిగ చారు గానీ అన్నానికి ముందే వేడిగా తాగించాలి. అది కడుపులో చాప పరుస్తుంది. తర్వాత వచ్చే అన్నం బుద్ధిగా కూర్చుంటుంది.

సామలన్నం తింటే సన్నబడతారని అందరూ అంటారు. కొండమీద నుంచి సంతకి వచ్చే మంచి సామలే నేను వాడాను. గుట్టగా తింటే సామలైనా ఒకటే, వరన్నమైనా ఒకటే. సామలకి ఉన్న గుణం ఏమిటంటే నమలక తప్పదు. గొంతులోంచి బేగి దిగదు. అదే మేలు.

నూనె లేని వంట అని గొప్పగా చెప్పుకునేవాళ్ళని నమ్మకండి. చెంచాడు పోపు లేని ఆనపకాయ కూర మొదటి రోజు మందులా తింటారు, తర్వాత తినరు. తినని కూర ఎంత మంచిదైతే ఏం లాభం. పోపు ఉండాలి, కొలిచి ఉండాలి.

జిమ్ము ప్రసాదు

కొలవడం నాకు నేర్పింది ప్రసాదు. ఊళ్ళో జిమ్ము పెట్టిన కుర్రాడు. తన దగ్గరికి వచ్చేవాళ్ళకి క్యారేజీలు కట్టమని నాకు పని ఇచ్చాడు. మా ఆయన తర్వాత పనిలో ఇలా చెయ్యి అని నాకు పైమాట చెప్పిన మనిషి అతనొక్కడే.

మొదటి రోజే చిన్న తూకం తెచ్చి గట్టు మీద పెట్టాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఊరు ఊరంతా తిన్న సెయ్యి ఇది. దీనికి తూకమేటి బాబూ" అన్నాను.

"సరే పిన్నీ. నువ్వు పోసినట్టే పొయ్యి. ఒకరికి ఎంత నూనె పోస్తావో ఈ గిన్నెలో పొయ్యి" అన్నాడు.

పోశాను. అతను చెంచాతో ఎత్తి చూపించాడు. నేను ఒక చెంచా అనుకున్నది ముగ్గురికి సరిపోయేంత ఉంది.

"నీ తప్పు కాదు పిన్నీ. నీది పెళ్ళి సెయ్యి. వందమందికి పోసిన సెయ్యి. ఒక్కరికి పొయ్యడం దానికి తెలీదు."

ఆ మాట వంటకే అన్నాడు పాపం. కానీ ఆ సాయంత్రం ఇంటికెళ్ళి నా పొయ్యి మీద నా గిన్నె చూసుకున్నాను. మా ఆయన పోయిన దగ్గర్నుంచి రోజూ ఇద్దరికి వండుతున్నాను. ఒకరికి ఎలా వండాలో తెలియక మిగిలింది మర్నాడు తింటున్నాను, మర్నాడు మళ్ళీ ఇద్దరికి వండుతున్నాను. కొలిచే మనిషిని తిట్టుకోకండి. మన చెయ్యి ఏ లెక్కకి అలవాటు పడిందో మనకి తెలియదు.

ప్రసాదు తప్పు వేరే ఉంది. తొందర. నెల తిరక్కుండా నడుము సన్నమవుతుందని అందరికీ మాట ఇచ్చేసేవాడు. షుగరు మాత్రలు మింగుతున్న ఒకావిణ్ణి రాత్రి తిండి మానెయ్యమన్నాడు. డాక్టర్ని అడక్కుండా ఆ మాట చెప్పడం ప్రాణాలతో ఆట. ఆవిడకి నేను కబురు పెట్టి ఆపించాను. మాకు మాటా మాటా వచ్చింది. నేను విడిగా పెట్టుకున్నాను. తూకం మాత్రం అతను తీసుకెళ్ళలేదు. ఇప్పుడు కుమారి దగ్గరుంది.

బతికున్నవాడికి ఒంటి గరిటె

గొలుగొండ రోడ్డులో అప్పలరాజు అని బస్సు డ్రైవరు ఉండేవాడు. పొట్ట స్టీరింగుకి తగులుతోందని క్యారేజీ పెట్టించుకున్నాడు. కొలిచి కట్టి పంపుతున్నాను. ఎన్నాళ్ళకీ తగ్గడు. నా వంట మీద నాకే అనుమానం వచ్చి, అతను డ్యూటీ దిగిన ఒక మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను.

నా క్యారేజీలో అన్నం కంచంలో ఉంది. దానిమీద వాళ్ళ అమ్మ దేముడమ్మ ఇంటి తపేలాలోంచి ఇంత గరిటెడు దించుతోంది.

"అదేటప్పా, కొలిసి పంపించినాను కదా" అన్నాను. మా వైపు అక్కని అప్పా అంటాము.

"కొలిసినావు, బాగుంది. నా కొడుకు ఒక్క గరిటె తిని సెయ్యి కడుక్కోవాలా? బతికున్నోడికి ఒంటి గరిటె ఏత్తారేటే ఎవులైనా?"

"డాక్టరు సెప్పినాడప్పా."

"ఆ డాక్టరుకి తల్లి నేదేటి?"

అప్పలరాజు తల ఎత్తకుండా తింటున్నాడు. నేను అతని వైపు చూశాను.

"నన్నడక్కు పిన్నీ. నాను బస్సు నడుపుతాను గానీ ఈ ఇల్లు నడపను" అన్నాడు.

నవ్వొచ్చింది కానీ ఆవిడ మాట కాదనలేకపోయాను. మా వైపు ఒక్క గరిటె వడ్డించి ఊరుకునేది చావు కూడులోనే. మా ఆయన పోయిన రోజు పక్కింటివాళ్ళు నాకు అలాగే పెట్టారు. ఒక్క గరిటె పెట్టి వెళ్ళిపోయారు. పెట్టాల్సింది అలాగే, వాళ్ళ తప్పేం లేదు. మామూలు రోజున ఎంత లేనింట్లోనైనా "కొంచెం ఎయ్యనా" అని అడుగుతారు. మెతుకైనా రెండోసారి వేస్తారు. దాన్నే మారు అంటాము. నేను ఒక్క గిన్నెలో అన్నం కట్టి పంపి, బతికున్న మనిషికి మారు లేకుండా చేశాను. ఆ తల్లి ఎందుకు ఊరుకుంటుంది?

మర్నాటి నుంచి క్యారేజీ కట్టడం మార్చాను. కొలత అదే. పై గిన్నెలో ఎక్కువ భాగం, అడుగు గిన్నెలో కొంచెం. పైది మొదటి వడ్డన, అడుగుది మారు. "అప్పా, ఇంటి తపేలా ముట్టుకోకు, మారు ఇందులోంచి ఎయ్యి" అన్నాను. దేముడమ్మ మూత తీసి చూసి, మూత పెట్టి, "ఊ. ఇప్పుడు మనిసి తిండిలాగుంది" అంది.

కొన్నాళ్ళకి ఆవిడే కబురు పెట్టింది. "ఒలె వరాలమ్మా, నా కొడుకు ప్యాంటు జారిపోతంది. ఏటి పెడతన్నావే ఆడికి?"

"పెడతన్నది నువ్వే కదప్పా" అన్నాను.

అప్పట్నుంచి అందరికీ రెండు గిన్నెలే. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ పైది మొదటి వడ్డన, అడుగుది మారు అని నేనే చెప్పేదాన్ని. ఎవరూ కనిపెట్టని విద్య నేనే కనిపెట్టినట్టు మురిసిపోయాను. చాలామందికి పని చేసింది కూడా. అందుకే ఆ విద్య ఒకచోట తిరగబడితే నాకు వెంటనే తెలియలేదు.

ఎస్తేరు టీచరు గారు

ఎస్తేరు గారు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. భర్తా టీచరే, ముందే పోయారు. పిల్లలు లేరు. యలమంచిలిలో ఒక చెల్లెలు ఉంది, అంతే. ఇల్లు వాళ్ళ ప్రార్థన మందిరం ఉన్న వీధిలోనే. గేటు దగ్గర నిలబడితే మందిరం గోడ కనబడుతుంది. ఆ కాస్త దూరం ఆవిడ నడవలేదు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఆదివారం ఆ కొసకి వెళ్ళడానికి ఆటో పిలిచేది. ఆటోవాళ్ళు ముఖాలు చూసుకునేవారు.

విశాఖపట్నంలో ఆపరేషను చేస్తామన్నారు. కానీ ముందు ఒళ్ళు దించుకుని రమ్మన్నారు. ఈ బరువు మీద కోస్తే కొత్త మోకాలు నిలవదన్నారు.

"వరహాలమ్మా, ఈ వయసులో నాకు సన్నబడి ఎవరికీ చూపించాలని లేదు. నా కాళ్ళ మీద నేను మందిరానికి వెళ్ళాలి. ఆటోలో దేవుడి దగ్గరికి వెళ్తుంటే రోగిని ఆసుపత్రికి తీసుకెళ్తున్నట్టుంది" అంది.

ఇంత చిన్న కోరిక నాకు ఎవరూ చెప్పలేదు. గట్టిగా పట్టుకున్నాను. ఆవిడకి నచ్చేవి కనుక్కున్నాను. చేప పులుసు, బీరకాయ తొక్కు పచ్చడి, తోటకూర పప్పు. ఎవరికీ కట్టనంత శ్రద్ధగా కట్టాను.

క్యారేజీలు ఆటోలో వెళ్ళి సాయంత్రం ఆటోలోనే తిరిగొస్తాయి. ఆవిడ క్యారేజీలో పై గిన్నె కడిగి వచ్చేది. అడుగు గిన్నె మూత కూడా తియ్యకుండా వచ్చేది.

ఎక్కువైంది కాబోలు అనుకున్నాను. పెద్దావిడ, ఎంతని తింటుంది. మారు తగ్గించాను. అయినా మూత తియ్యలేదు. పై గిన్నెలోదీ తగ్గించాను. అదే తింటోంది, అడుగుది వెనక్కి పంపుతోంది. ఇంత తక్కువ తింటోందంటే బరువు గబగబా దిగిపోతుందని సంబరపడ్డాను. ఒక్కసారి వెళ్ళి అడగలేదు. ఈ పనిలో పెద్ద గుంట ఇదే. గిన్నె వెళ్తుంది, గిన్నె వస్తుంది, మధ్యలో మనిషి కనబడదు. గిన్నె చూసి మనిషిని చదివేశామనుకుంటాము.

ఆసుపత్రికి రమ్మన్న రోజు వచ్చింది. టీచరు గారు కారు మాట్లాడుకుని వెళ్ళింది. తిరిగి వస్తూ నా ఇంటి ముందు ఆపించింది. నా గుమ్మం మెట్లు ఎక్కలేదు కనక నేనే వెళ్ళి కారు తలుపు దగ్గర నిలబడ్డాను.

"తగ్గలేదు. పెరిగిందట" అంది.

"పెరగడమేటండి?"

"ఇప్పుడు కొయ్యరట. మళ్ళీ ఎప్పుడు రావాలో కూడా చెప్పలేదు." కొంచెం ఆగి, "రేపట్నుంచి క్యారేజీ వద్దులే అమ్మా. నీ శ్రమ వృథా" అంది.

తిడితే బాగుణ్ణు. ఆవిడ నా మీద జాలిపడింది. కారు వెళ్ళిపోయాక కూడా నేను రోడ్డు మీదే నిలబడ్డాను. ఆ మందిరం గోడ నా కళ్ళలో ఆడింది.

మూత తియ్యని గిన్నె

వద్దన్నా మర్నాడు కట్టాను. ఆటోకి ఇవ్వలేదు, నేనే పట్టుకెళ్ళాను. తలుపు తీసే ఉంది. టీచరు గారు బల్ల దగ్గర కుర్చీలో ఉంది. ముందు ఒక్క కంచం, ఒక్క గ్లాసు.

"వద్దన్నాను కదా."

"ఈ ఒక్క పూటా తినండి. నాను సూసెళ్ళిపోతాను."

ఆవిడ చారు తాగింది. పై గిన్నె కంచంలోకి వంచుకుంది. తల దించి గబగబా తింది. నాలుగు గోడల మధ్య నమిలిన చప్పుడు తప్ప ఏమీ లేదు. అయిపోయింది. చెయ్యి కడుక్కోవడానికి బల్ల పట్టుకుని లేవబోయింది.

"అడుగుది తియ్యలేదేటండి?"

"అది మారు కదా. నువ్వే చెప్పావు."

"అవునండి. మీదే."

ఆవిడ నన్ను తెలివితక్కువ పిల్లని చూసినట్టు చూసింది. "ఎవరూ అడక్కుండా మారు ఎలా వేసుకుంటానే? అడిగితే వేసుకునేది మారు. అడక్కుండా మనకి మనం వేసుకుంటే ఆబ. మా అమ్మ మమ్మల్ని అలాగే పెంచింది. చెయ్యి వెనక్కి లాగుతుంది, నేనేం చెయ్యను."

దేవుడు వేరైనా గరిటె ఒకటే మా ఊళ్ళో. ఆవిడ తల్లీ, దేముడమ్మా, నా తల్లీ ఒకే మాట మీద పెంచారు పిల్లల్ని. అప్పలరాజు ఇంట్లో గట్టెక్కించిన మారు ఈ ఇంట్లో ముంచింది. అక్కడ అడగడానికి తల్లి ఉంది. ఇక్కడ ఎవరున్నారు? మారు అని పేరు పెట్టకుండా ఒకే గిన్నెలో పంపి ఉంటే అంతా తినేది.

"మరి ఆకలెయ్యదేటండి?" అన్నాను.

"వేస్తుంది. నాలుగింటికి కళ్ళు తిరుగుతాయి. బేకరీ నుంచి బన్నులు తెప్పించుకుంటాను."

"ఎన్నండీ?"

"బన్నుకి మర్యాద లేదు వరహాలమ్మా. దానికి మారు లేదు, వడ్డన లేదు. సంచీలో ఎన్నుంటే అన్ని." అని కిటికీ వైపు తిరిగింది. "ఈ మధ్య నువ్వు అన్నం కూడా తగ్గించావు. నా లావు చూసి నీకు అసహ్యం వేసిందనుకున్నాను. అడగలేదు."

ఆవిడ అడగలేదు. నేనూ అడగలేదు. ఇద్దరం గిన్నెలు పంపించుకున్నాము.

అడుగు గిన్నె మూత తీశాను. గరిటె తెచ్చాను.

"కొంచెం ఎయ్యనాండీ?"

టీచరు గారు చెయ్యి కంచానికి అడ్డం పెట్టింది. "చాలు, చాలు."

"కొంచెమే."

చెయ్యి తీసింది. వేశాను. ఈసారి నెమ్మదిగా తింది. నమిలి తింది. మధ్యలో పచ్చడి బాగుందని చెప్పింది. తిన్నది పిడికెడు. కానీ కంచం ముందు కూర్చున్న మనిషి మారిపోయింది. వీపు కుర్చీకి ఆనించి, కడుపు మీద చెయ్యి పెట్టుకుని, "అబ్బ, నిండింది" అంది. చెయ్యి అడ్డం పెట్టడం, తియ్యడం, దాన్ని కొలిచే తూకం ప్రసాదు తెచ్చివ్వలేదు.

నేను గిన్నెలు సర్దుతుంటే అడిగింది. "నువ్వు తిన్నావా?"

"తిన్నానండి."

"ఎవరు వడ్డించారు?"

నేను గిన్నెల మూతలు గట్టిగా బిగించాను.

రెండు కంచాలు

మర్నాటి నుంచి అన్నాలవేళకి నేనే వెళ్ళేదాన్ని. మిగతా క్యారేజీలు ఆటో ఎక్కించి, ఆవిడది చేత్తో పట్టుకుని నడిచేదాన్ని. నాకోసం ఒక గిన్నె పెట్టుకు రమ్మని ఆవిడే చెప్పింది. బల్ల మీద రెండో కంచం పెట్టి ఉంచేది.

మా ఆయన పోయాక నేను కంచం పెట్టుకున్నది లేదు. పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలోంచే తినేదాన్ని. కడిగే గిన్నె ఒకటి తగ్గుతుంది కదా అని నాకు నేను చెప్పుకునేదాన్ని. టీచరు గారి బల్ల ముందు మొదటిరోజు కుర్చీలో కూర్చుంటే చెయ్యి కంచంలోకి సరిగ్గా పోలేదు. ఆవిడ గరిటె తీసుకుని నా వైపు వంగింది. "కొంచెం వెయ్యనా?" అంది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. తియ్యడానికి కాస్త సమయం పట్టింది.

బన్నులు నేను మానమనలేదు. వాటంతట అవే తగ్గాయి. నాలుగింటికి మొక్కజొన్న పొత్తో, జామకాయో, చోడి అంబలో పెట్టి వచ్చేదాన్ని. తిట్టి మాన్పించిన తిండి దొంగచాటుగా మళ్ళీ వస్తుంది. ఆకలి తీరితే దాని ఊసు మనిషికే గుర్తుండదు.

బరువు గబగబా దిగలేదు. నెమ్మదిగా దిగింది. ముందు గాజులు వదులయ్యాయి. తర్వాత బల్ల పట్టుకోకుండా కుర్చీలోంచి లేచింది. లేచి నన్ను చూసి, "ఇప్పుడేం చేశానో చూశావా?" అంది. "సూళ్ళేదండి, మళ్ళీ సెయ్యండి" అన్నాను. మళ్ళీ కూర్చుని మళ్ళీ లేచింది. లెక్కల టీచరు మొదటి మార్కు తెచ్చుకున్న పిల్లలా నవ్వింది.

ఆసుపత్రివాళ్ళు ఒప్పుకున్నారు. కోస్తామన్నారు. నేను నాలుగు వీధుల్లో చెప్పుకున్నాను.

ఆపరేషనయ్యాక మళ్ళీ మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాలి. యలమంచిలి నుంచయితే రైలుంది. చెల్లెలు వచ్చి తీసుకెళ్ళింది. కాస్త కోలుకోగానే వచ్చేస్తానంది. నేను ఇంటి తాళం చూసుకుంటానన్నాను. రెండో మోకాలు కూడా అక్కడే ఉండి చేయించుకోమన్నారు. తర్వాత చెల్లెలు పంపనంది. ఇక్కడి ఇల్లు అద్దెకి ఇచ్చేశారు.

ఆవిడ నడవాలని వండాను. నడిచే కాళ్ళు వచ్చాయి, మనిషి వెళ్ళిపోయింది. మన వంట ఫలిస్తే వాళ్ళకి మనతో పని ఉండదు. ఈ పని చేసేవాళ్ళు దీనికి సిద్ధపడి ఉండాలి. సన్నబడినవాళ్ళు క్యారేజీ మానేసి తమ ఇంటి కంచానికి వెళ్ళిపోవాలి. వెళ్ళకపోతే మనమే ఎక్కడో తప్పు చేస్తున్నట్టు.

తెలిసినా చాలా రోజులు అన్నాలవేళకి నా కాళ్ళు ఆ వీధిలోకి వెళ్ళేవి. ఒకరోజు కొత్తగా అద్దెకొచ్చినావిడ గేటు దగ్గర ఉంది.

"ఎవరు కావాలండీ?"

"ఎవులూ లేదమ్మా. అలగెల్తన్నాను" అన్నాను.

గరిటె చప్పుడు

తర్వాత ఒంటరిగా ఉండేవాళ్ళు చాలామంది నా దగ్గర క్యారేజీ పెట్టించుకున్నారు. అందరిళ్ళకీ వెళ్ళి కూర్చోలేను. ఫోను చేసేదాన్ని. "పై గిన్నె అయిపోయిందాండీ? కొంచెం ఏసుకోండి. నా మాట మీద ఏసుకోండి" అనేదాన్ని. కొందరు విసుక్కునేవారు. విసుక్కుంటూనే మూత తీసేవారు, చప్పుడు వినబడేది. కుమారీ, ఇది నువ్వు మానకు. ఒక్కరే తినేవాళ్ళకి కట్టి పంపడం సగం పనే. అడగడం మిగతా సగం. అడగడం కుదరనివాళ్ళకి మారు అనే మాటే చెప్పకు, ఒకే గిన్నెలో పంపు.

మణికట్టు బలం పోయి, తపేలా దించలేక, పని మానేశాను. ఇప్పుడు నా ఇంట్లో నా ఒక్కదానికే వంట. ఒకరికి వండడం ఇన్నాళ్ళకి వచ్చింది. కొలిచి, ఏళ్ళ అలవాటు కొద్దీ రెండు గిన్నెల్లో పెట్టుకుంటాను. పైది తింటాను. రెండోది మూత తియ్యకుండా సాయంత్రం దాకా ఉంటుంది. ఊరందరికీ ఫోను చేసి మారు వేయించినదాన్ని. నా చెయ్యి వెనక్కి లాగుతుంది.

టీచరు గారు అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. మొదట్లో ఒకసారి, "మాట్లాడకు, విను" అని ఫోను చేతిలో పట్టుకుని నడిచింది. కర్ర చప్పుడు, చెప్పుల చప్పుడు. ఇంకొన్నాళ్ళకి మళ్ళీ చేసి, విను అంది. ఈసారి చెప్పుల చప్పుడొక్కటే. తర్వాత గంట మోగింది, జనం మాటలు వినిపించాయి. "ఇక్కడి మందిరం లోపల ఉన్నాను. ఆటో ఎక్కలేదు" అని గుసగుసగా చెప్పి పెట్టేసింది. ఆవిడ నడవడం నేను కళ్ళతో చూడలేదు. విన్నాను.

మొన్న నేను అన్నం తినే వేళకి చేసింది.

"తిన్నావా?"

"తింటన్నానండి."

"మారు వేసుకున్నావా?"

"ఏసుకున్నానండి."

"ఏదీ, గరిటె చప్పుడు వినిపించు."

రెండో గిన్నె మూత పెట్టే ఉంది. గరిటె తీసుకుని కంచానికి తగిలించాను. టంగుమంది.

"ఖాళీ గరిటె చప్పుడు నాకు తెలియదా? బళ్ళో చెయ్యని లెక్క చేశామని చెప్పే పిల్లల్ని ఎంతమందిని చూశాను" అంది.

అటు నుంచి కుర్చీ జరిపిన చప్పుడు, కంచం పెట్టిన చప్పుడు వచ్చాయి. ఆవిడా ఇంకా తినలేదు.

"కొంచెం వెయ్యనా వరహాలమ్మా?" అంది.

ఎవరూ చూడటం లేదు. అయినా చెయ్యి కంచానికి అడ్డం పెట్టాను. "చాలండి" అన్నాను.

"కొంచెమే."

చెయ్యి తీశాను. మూత తీసి వేసుకున్నాను. ఈసారి గరిటె చప్పుడు కాలేదు. అన్నం మెత్తగా దిగింది. మూత తీసిన చప్పుడు ఆవిడకి వినబడే ఉంటుంది, ఇంకేమీ అడగలేదు. ఫోను కంచం పక్కన పెట్టుకుని ఇద్దరం తిన్నాము.